బావి మోటారుకు మూడు తాళాలు

ఎవరు ఏ నిబంధనలు చదివి వినిపించినా నేను జేబులోంచి ఒక కాగితం ముక్క తీస్తాను. కులసంఘం నిబంధనలు కావచ్చు, పాల సంఘంవి కావచ్చు, నాకు అన్నీ ఒకటే. పక్కన కూర్చున్నవాళ్లు ఒకరినొకరు గిల్లుకుంటారు. "ముసలాయన మల్ల లెక్క షురూ చేసిండు" అని గుసగుసలాడుకుంటారు. గిల్లుకోనీ. ఇన్నేళ్లలో ఆ కాగితం ముక్క నన్ను ఒక్కసారి మోసం చేయలేదు. నిబంధనలు చదివిన పెద్దలు మాత్రం చాలాసార్లు చేశారు.

నేను చేసే లెక్క కూడికా తీసివేతా కాదు. మాటల లెక్క. "ఇది ఉండాలి, అదీ ఉండాలి, లేకపోతే ఇంకొకటైనా ఉండాలి" అని మనుషులు షరతుల మీద షరతులు పేరుస్తారు కదా, వాటిని అక్షరాలుగా రాసి, గుణకారాలూ కూడికలూ చేసి, పనికిరానివి కొట్టేసి, చివరికి మిగిలే అసలు షరతు ఏమిటో తేల్చే లెక్క. దీన్ని కాలేజీల్లో బూలియన్ బీజగణితం అంటారట. నాకు కాలేజీ తెలియదు. లెక్క తెలుసు.

నా చదువు ఉర్దూ బడిలో నాలుగు జమాతులు, అంటే తరగతులు. నిజాం రాజ్యం పోయిన ఏడు మా బడి మూతపడింది. మళ్లీ తెరిచేసరికి పంతుళ్లు మారారు, భాష మారింది, నేనేమో ఆదిలాబాదు జిల్లా బొగ్గు గనుల్లో కరెంటు మేస్త్రీ వెనక తీగచుట్టలు మోస్తున్నాను. అక్కడ మనుషులను పాతాళంలోకి దించే ఇనుప పంజరం ఉండేది. తలుపు పడితేనే అది కదిలేది. పైనా కిందా గంట మోగితేనే కదిలేది. ఇనుము కూడా షరతులు పెడుతుందని మొదటిసారి చూశాను. ఎట్లా పెడుతుందని అడిగితే మేస్త్రీ, "నీకెందుకుర? తీగ పట్టుకో" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ మండుతుంది. తెలిసినవాడు చెప్పడు, తెలియనివాడు అడగకూడదు! ఇదీ మన చదువుల తీరు.

పుస్తకం కరీంనగర్‌లో ఒక చిత్తుకాగితాల దుకాణంలో దొరికింది. అట్ట లేదు. మొదటి పుటలు అప్పటికే ఎవరి మిరపకాయ బజ్జీలకో పొట్లాలైపోయాయి. అందుకే ఆ పుస్తకం పేరేమిటో, రాసినవాడెవడో నాకు ఈనాటికీ తెలియదు. ఇంగ్లీషు మాటకు ఉర్దూ అర్థం చెప్పే పాత నిఘంటువు ఒకటి ఉంటే, దాన్ని పక్కన పెట్టుకుని ఒక్కొక్క వాక్యం విప్పాను. ఇంగ్లీషులోంచి ఉర్దూలోకి, ఉర్దూలోంచి నా తెలుగులోకి. ఒక పుటలో ఒకటికి ఒకటి కలిపితే ఒకటి అని ఉంది. అచ్చుతప్పనుకుని పెన్సిలుతో రెండు అని దిద్దాను. తరువాతి పుటలోనూ అదే ఉంది. అదీ దిద్దాను. పుస్తకమంతా అట్లాగే ఉండేసరికి పెన్సిలు పక్కన పెట్టి ఆలోచనలో పడ్డాను.

నాకు దాన్ని చెప్పింది వరి మడి. మడిలోకి రెండు కాలువలు పారుతున్నాయి. ఒకటి పారితే మడి తడుస్తుంది. రెండూ పారినా తడుస్తుంది. తడవడం తడవడమే, రెండు తడవడాలు ఉండవు. ఒకటికి ఒకటి కలిపితే ఒకటి! ఇక ఒకే కాలువ మీద ముందొక తూము, వెనకొక తూము ఉంటే రెండూ తెరవాలి. ఏది మూసినా నీళ్లు రావు. అది గుణకారం. "లేదా" అంటే కూడిక, "రెండూ కావాలి" అంటే గుణకారం. ఇంత సులువైన సంగతిని పెద్ద చదువులవాళ్లు అంత పొడుగు మాటల వెనక ఎందుకు దాచారో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

గనులు విడిచి వచ్చి చొప్పదండిలో మోటార్లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టాను. అప్పుడప్పుడే బావులకు కరెంటు వస్తోంది. ఎడ్లతో తోడే మోటలు మూలపడుతున్నాయి. ఒక్కడే మోటారు కొనుక్కోలేడు కాబట్టి పాలోళ్లు, అంటే బావిలో వాటా ఉన్న అన్నదమ్ములు, కలిసి కొనేవాళ్లు. కలిసి కొన్నాక కలిసి పోట్లాడుకునేవాళ్లు.

ఒకనాటి పొద్దున ఒకామె దుకాణానికి వచ్చింది. నాకంటే కొంచెం పెద్దది. కొంగుకు తాళంచెవి ముడి వేసుకుని ఉంది.

"తమ్మీ, నా పెట్టె ఖరాబైంది. నేను స్విచ్చి ఏసినా మోటరు నడుస్తలేదు. జర వచ్చి చూడు."

"పెట్టె ఏందక్కా?"

ఆమె చెప్పింది. ముగ్గురు అన్నదమ్ముల బావి. నడిపాయన, అంటే నడిమివాడు, ఈమె భర్త, చనిపోయాడు. ఆయన పాలు, వాటా పొలం, ఈమె చేసుకుంటోంది. ఒకరికి తెలియకుండా ఒకరు నీళ్లు పెట్టుకుంటున్నారని గొడవలై పంచాయితీ కూర్చుంది. మోటారుకు మూడు చెక్కపెట్టెలు పెట్టారు. పెట్టెకొక స్విచ్చు, పెట్టెకొక తాళం. ఎవరి తాళంచెవి వాళ్ల దగ్గర.

"నా పొలం పొట్టకొచ్చింది తమ్మీ. గిప్పుడు నీళ్లు అందకుంటే గింజ పట్టది. ఏడాది తిండి గాసం గదే."

బావి దగ్గరికి పోయాను. ఆమె తన పెట్టె తెరిచింది. పరీక్ష దీపం పెట్టి చూశాను. స్విచ్చు నిక్షేపంగా ఉంది. తీగ ఎక్కడా తెగలేదు. కరీంనగర్ నుంచి వచ్చిన ఎవరో ఫిట్టరు కలిపాడట, పని శుభ్రంగా చేశాడు.

"నీ పెట్టెకు ఏ రోగం లేదక్కా."

"మరి నడువదేంది?"

"మీ మరిది పెట్టె మూసి ఉన్నది."

"ఆయన ఎందుకు తెరువాలె? బావ తెరిచిండు, నేను తెరిచిన. గంతే గద మాట! మా మేనమామ అందరి ముంగట చెప్పిండు. బావతోని నేనన్న, మరిదన్న, ఎవరో ఒకరు తెరిస్తే సాలు."

ఆమె మరిది, అంటే ఇంట్లో చిన్నాయన, ఆమె పాలు తనకు కౌలుకిమ్మని అడిగాడు. ఈమె ఇవ్వలేదు. అప్పటినుంచి ఆమె వంతు వచ్చిననాడు ఆయన ఊళ్లో కనబడేవాడు కాదు.

నేను పెట్టెల వెనక్కి పోయి తీగలు చూశాను. పెద్దాయన, అంటే ఆమె బావ, పెట్టెలోకి రెండు తీగలు పోతున్నాయి. ఈమె పెట్టెలోకి రెండు. చిన్నాయన పెట్టెలోకి మాత్రం నాలుగు. అంటే ఆయన స్విచ్చు రెండు చోట్ల పనిచేస్తోంది. ఎందుకు?

"అక్కా, పంచాయితీల ఏమేం చెప్పిండ్రో జర తీరుగ చెప్పు. ఒక్క మాట ఇడిసిపెట్టకు."

మా దిక్కు పంచాయితీకి ఒక పద్ధతి ఉంది. తగాదా పడ్డవాళ్లు తలా ఒక పెద్దమనిషిని తెచ్చుకుంటారు. ఒక్కొక్క పెద్దమనిషి ఒక్కొక్క మాట చెబుతాడు. ఒకరు చెప్పిన మాటను ఇంకొకరు కొట్టేయకూడదు, కొట్టేస్తే అవమానం. కాబట్టి అన్ని మాటలూ నిలుస్తాయి. అందరి పరువూ దక్కుతుంది. వినడానికి ఎంత బాగుంది!

పెద్దాయన తెచ్చుకున్నది ఎర్ర రుమాలు చుట్టుకునే ముసలాయనను. ఆయన చెప్పిన మాట: పెద్దోడు తెరవకుండా మోటారు నడవకూడదు. ఈమె తెచ్చుకున్నది తన మేనమామను. ఆయన చెప్పింది: పెద్దోడు ఒక్కడు తెరిస్తే చాలదు, మేనకోడలో చిన్నోడో ఎవరో ఒకరు కూడా తెరవాలి. చిన్నాయన తెచ్చుకున్నది తన మామను, పిల్లనిచ్చినాయనను. వాళ్ల ఊళ్లో తెలియనివాళ్లు నడిపి ఒక మోటారు కాల్చేశారట. అందుకని ఆయన చెప్పింది: మోటారు సంగతి తెలిసింది మా అల్లుడికి, వాడు తెరవకుండా నడవకూడదు.

మూడు మాటలూ న్యాయంగానే ఉన్నాయి. అందరూ తలలూపారు. మేనమామ మాట నిలిచింది కదా, అదే చాలనుకుని ఈమె కూడా ఊపింది. ఫిట్టరు మూడు మాటలనూ ఉన్నవి ఉన్నట్టు తీగల్లో కలిపి పోయాడు.

నేను కిందపడి ఉన్న బొగ్గు ముక్క తీసుకుని మోటారు గది గోడ మీద రాశాను. పెద్దాయన "పె". నడిపామె "న". చిన్నాయన "చి".

పె × (న + చి) × చి

"గివేంది తమ్మీ?"

"మీ పంచాయితే అక్కా. మూడు మాటలు, మూడు తూములు వరుసగ. నడిమి తూముకు రెండు కాలువలు, నీదొకటి, మీ మరిదిదొకటి."

బ్రాకెట్టు విప్పాను. పె × న × చి + పె × చి × చి. చి అన్నది రెండుసార్లు చెప్పినా ఒకసారి చెప్పినట్టే. ఒకే తలుపును రెండుసార్లు తీయమంటే ఎక్కువ తెరుచుకోదు కదా. కాబట్టి రెండోది పె × చి. ఇప్పుడు రెండు దారులు మిగిలాయి. ఒకటి పెద్దాయన, చిన్నాయన. ఇంకొకటి పెద్దాయన, చిన్నాయన, ఈమె. మొదటి దారి తెరుచుకుంటే మోటారు నడుస్తుంది, ఈమె ఉన్నా లేకపోయినా. మొదటి దారి మూసుకుంటే రెండో దారీ మూసుకున్నట్టే, ఎందుకంటే దాంట్లోనూ వాళ్లిద్దరూ ఉండాలి. రెండో దారిని కొట్టేశాను. మిగిలింది ఇది:

పె × చి

"న" లేదు.

పుస్తకంలో అక్షరాలు అట్లా మాయమైపోతుంటే అదొక సంబరంగా ఉండేది నాకు. లెక్క పొట్టిదవుతుంది, తీగ మిగులుతుంది, స్విచ్చు మిగులుతుంది. ఇక్కడ మాయమైన అక్షరం నా ఎదుట నిలబడి ఉంది, కొంగుకు తాళంచెవి కట్టుకుని.

"అయితే నా తాళం?" అంది.

"తిరుగుతది అక్కా. గంతే."

ఆమె కొంగు ముడిలోని తాళంచెవిని చేతిలోకి తీసుకుంది. "నారు పోసిన కాన్నుంచి దినాం వచ్చి తెరుస్తున్న, మూస్తున్న. మా మరిది తెరిచిననాడు మోటరు నడిచింది, నాతోనే నడిచిందనుకున్న. నా అసొంటి పిచ్చిది ఉన్నదా?"

"నువ్వు పిచ్చిదానివి కాదు. ముగ్గురు పెద్దమనుషులకు గూడ తెల్వలే."

"ఆళ్ల పొలం ఎండుతలేదు గద, తెల్వకున్నా నడుస్తది."

తీగ తప్పించి ఆమె దారిని నేరుగా కలపడం నాకు క్షణం పని. ఆ మాటే అన్నాను. ఆమె నన్ను కసిరింది. "దొంగ నీళ్లు నాకద్దు. నలుగురిల ఇచ్చిండ్రు, నలుగురిలనే కావాలె."

అప్పుడు నేను ఒక పలక చేశాను. చెక్క మీద మూడు చిన్న స్విచ్చులు, టార్చిలైటు బల్బు (మా దిక్కు బుగ్గ అంటాం) ఒకటి, బ్యాటరీ. తీగలు బావి దగ్గర ఉన్నట్టే. ఆమె మళ్లీ పంచాయితీ పిలిపించింది. రుమాలు పెద్దమనిషి ఇంటి అరుగు మీద అందరూ కూర్చున్నారు. ఆమె గడప పక్కన, బావకు ఎదురు పడకుండా కొంగు కప్పుకుని నిలబడింది.

"ఏందిర, బుడ్డ దీపం తెచ్చినవ్?" అన్నాడు చిన్నాయన మామ. "పంచాయితిల ఆటలాడుతవా?"

"ఆటనే పటేలా. మీరే ఆడాలె." పలక వెనక భాగం తువ్వాలతో కప్పాను. "నడిపామె స్విచ్చికి తీగ కలిపిన్నో, పీకిన్నో చెప్పను. మీ ఇష్టమొచ్చినట్టు ఏసి తీసి బుగ్గ చూసి చెప్పుండ్రి."

రుమాలు పెద్దమనిషి వేసి చూశాడు. మేనమామ వేసి చూశాడు. చిన్నాయన మామ పలకను దగ్గరికి లాక్కుని, మూడింటినీ అటూ ఇటూ ఎన్ని తీర్లుగా వేయొచ్చో అన్ని తీర్లుగా వేశాడు. "కలిపి ఉన్నది" అన్నాడు. తువ్వాల తీశాను. తీగ పీకి ఉంది. "మల్ల కప్పు" అన్నాడు. కప్పాను. ఈసారి కలిపాను. "పీకినవ్" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. మేనమామ ముఖం మాత్రం ఎర్రబడింది. మంచి మనిషి. మేనకోడలి తరఫున గట్టిగా మాట్లాడి వచ్చానని ఊరంతా చెప్పుకున్నాడు.

"అయితే నా మాట ఏడ వోయింది?" అన్నాడు.

"ఏడికి పోలే మామా. గీ పటేలు మాట కింద పడి నలిగింది."

చిన్నాయన మామ లేచి నిలబడ్డాడు. "నా మాట కొట్టేయాలంటవా? ఇగ నన్నెందుకు పిలిసిండ్రు? రేపు మోటరు కాలితె నువ్వు తెస్తవా?"

అక్కడే చిక్కు వచ్చింది. ఆయన మాట తీసేస్తే ఆయన పరువు పోతుంది. ఉంచితే ఈమె పొలం పోతుంది. నా లెక్క తప్పు ఎక్కడుందో చెప్పగలదు గానీ, పెద్దమనిషి పరువును ఏ గుర్తుతో రాయాలో ఆ పుస్తకంలో లేదు. బహుశా చిరిగిన పుటల్లోనూ ఉండి ఉండదు.

గడప దగ్గరి నుంచి ఆమె గొంతు వినబడింది.

"కాకా, మా మరిదే తెరువాలని నువ్వు ఎందుకన్నవ్? ఆయనకు మోటరు తెలుసనే గద?"

"మరి? తెలిసినోడే ముట్టాలె."

"అయితే నేను నేర్సుకుంటె?"

అరుగు మీద ఉన్నవాళ్లంతా ఆమెవైపు తిరిగారు. "ఆడిదానివి, మోటరు నడుపుతవా?" అన్నాడు చిన్నాయన.

"మోట గొట్టిన మరిదీ, మీ అన్న మంచంల పడ్డప్పుడు. ఎడ్ల కన్న మోటరు మొండిదా?"

నేను అప్పటికే కాగితం తీశాను. మూడో మాటలో "చి" తీసేసి "మోటారు తెలిసినవాళ్లు" అని పెట్టాలి. ఆమె నేర్చుకుంటే తెలిసినవాళ్లు ఇద్దరు. అంటే మూడో మాట న + చి అవుతుంది. రెండో మాట కూడా న + చి. ఒకే మాట రెండుసార్లు! పె × (న + చి) × (న + చి). రెండుసార్లు చెప్పినా ఒకటే కాబట్టి పె × (న + చి). మేనమామ మాట నిలిచింది. చిన్నాయన మామ మాట ఒక్క అక్షరం పోకుండా దాంట్లోనే కలిసిపోయింది. ఎవరినీ కొట్టేయలేదు.

"పటేలా, నీ మాట నీకే ఉన్నది. తెలిసినోళ్లే ముట్టాలె. గంతే గద?"

ఆయన మీసం దువ్వుకున్నాడు. "తెలిసినోళ్లని ఎవరు చెప్పాలె?"

"నువ్వే చెప్పు."

ఆయన కూర్చున్నాడు. పరీక్ష తానే పెడతానన్నాడు.

ఆమెకు నేర్పడం సులువు. పంపులో గాలి ఉంటే నీళ్లు లాగదు, అందుకని ముందు గరాటుతో నీళ్లు పోసి నింపాలి. మూడు తీగల్లో కరెంటు వస్తోందని చెప్పే మూడు బుగ్గలు గోడకు ఉంటాయి, మూడూ వెలగాలి. ఒకటి వెలగకపోయినా మోటారు ముట్టకూడదు, లోపలి తీగచుట్ట కాలిపోతుంది. ఆమె ఏదీ రెండోసారి అడగలేదు. తెలియని సంగతి చెబితే మనుషులకు అర్థం కాదనేవాళ్లను నేను నమ్మను. చెప్పడం రానివాళ్లు పుట్టించిన మాట అది.

పరీక్షనాడు అందరూ బావి దగ్గరికి వచ్చారు. చిన్నాయన మామ అందరికంటే ముందే వచ్చి మోటారు గదిలోకి ఒక్కడే పోయి బయటికి వచ్చాడు. చిన్నాయన తన పెట్టె తెరవకుండా కాస్త దూరంగా ఒడ్డు మీద కూర్చున్నాడు. కొత్త లెక్క ప్రకారం తీగలు ఆ పొద్దునే మార్చి ఉంచాను. చిన్నాయన పెట్టెలోకి ఇప్పుడు రెండే తీగలు.

పెద్దాయన తన పెట్టె తెరిచి, మరదలితో నేరుగా మాట్లాడడు కనుక, పంపుతో చెబుతున్నట్టు అన్నాడు: "నేను తెరిచిన. ఇగ కానియ్యిమనుండ్రి."

ఆమె తన పెట్టె తెరిచి స్విచ్చు వేసింది. పంపులో నీళ్లు పోసింది, పొంగేదాకా. గదిలోకి పోయి పచ్చ బటను మీద వేలు పెట్టబోయి ఆగింది.

"ఏమైంది? ఒత్తు!" అన్నాడు చిన్నాయన మామ. "భయమైతుందా?"

"ఒక బుగ్గ ఎలుగుతలేదు."

"కరెంటన్నంక అట్లనే ఉంటది, ఒత్తు!"

"ఒత్తను." ఆమె వెనక్కి తిరిగి ఫ్యూజుల పలక చూసింది. మూడు ఉండవలసిన చోట రెండే ఉన్నాయి. తిరిగి ఆయన దిక్కు చూసింది. "కాకా, మూడో ఫ్యూజు నీ అంగి జేబుల ఉన్నట్టున్నది. జర ఇస్తవా?"

రుమాలు పెద్దమనిషి ముందు నవ్వాడు. తరువాత మేనమామ. చివరికి జేబులో చెయ్యి పెట్టి ఫ్యూజు తీస్తూ చిన్నాయన మామ కూడా నవ్వాడు. "మా ఊళ్ల గిట్ల చూసేటోడు ఒక్కడున్నా మోటరు కాలేది గాదు" అని, తన చేత్తోనే ఫ్యూజు పెట్టి, గది బయటికి వచ్చి అందరూ వినేలా చెప్పాడు: "తెలిసినోళ్లు ఇద్దరు."

మూడు బుగ్గలూ వెలిగాయి. ఆమె బటను నొక్కింది. మోటారు మూలిగి, పుంజుకుంది. గొట్టం దగ్గి, ఎర్రనీళ్లు కక్కి, తెల్లగా పారింది. చిన్నాయన పెట్టెకు తాళం వేసే ఉంది. ఆయన ఒడ్డు మీద నుంచి లేచి, కాలువలో అడ్డంగా పడి ఉన్న గడ్డిపోచను కాలితో పక్కకు తోసి పోయాడు.

నేను గోడ మీద పాత రాతలు తుడిచి కొత్తది రాశాను. పె × (న + చి). ఆమె పార భుజాన వేసుకుని వచ్చి దాన్ని చూసింది. చదువు రాదు, కానీ ఆ మూడు అక్షరాలు ఎవరెవరివో అప్పటికి బాగా తెలుసు.

"తమ్మీ, నేనూ మా మరిదీ ఒక్క బరాబరున్నం, మంచిగున్నది. గీ 'పె' ఒక్కడే బయట నిలబడ్డడు గద. బావ తెరువకపోతె?"

"నడువది."

"గది గూడ కొట్టేయరాదా?"

"గది లెక్కల తప్పు కాదక్కా. ఆళ్లు కావాలని పెట్టిందే. దానికి మళ్లొక పంచాయితీ కావాలె."

"పిలుస్త" అంది ఆమె. "ముందుగాల గింజ పట్టనీ."

పార తీసుకుని కాలువ వెంట వడివడిగా పోయింది. నీళ్లు అప్పటికే ఆమె కంటే ముందు మడికి చేరాయి.